పిచర్ భుజానికి సాక్ష్యం ఏది? - కుమార్ రాకర్ క్రీడాజీవితం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

బేస్‌బాల్‌లో ఆట ఆరంభించే పిచర్ (స్టార్టర్), మధ్యలో వచ్చి ఆదుకొనే రిలీఫ్ పిచర్ అనే విభజన ఉంది. పైకి అది జట్టు వ్యూహానికి సంబంధించినదిగా కనిపిస్తుంది. నిజానికి ఒక దేహం ఎంత శ్రమను ఎంతకాలం మోయగలదన్న అంచనాకు అది మరో పేరు. తల్లి వైపు నుంచి తెలుగు నేల మూలాలున్న అమెరికన్ పిచర్ కుమార్ రాకర్ విషయంలో ఆ అంచనా పలుమార్లు తలకిందులైంది. మైదానంలోని ప్రదర్శన, వైద్యచిత్రం, విపణి నిర్ణయించిన ధర అనే మూడు సాక్ష్యాలు అతని జీవితంలో ఒకదానితో ఒకటి ఎలా విభేదించాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: బేస్‌బాల్, పిచర్, రిలీఫ్ పిచర్, కుమార్ రాకర్, తెలుగు ప్రవాసం, క్రీడాకారుని దేహం, టామీ జాన్ శస్త్రచికిత్స.

1. ఉపోద్ఘాతం

2021 జూలై 11న జరిగిన అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆటగాళ్ల ఎంపికలో న్యూయార్క్ మెట్స్ జట్టు పదో స్థానంలో కుమార్ రాకర్ పేరు ప్రకటించింది. 60 లక్షల డాలర్లకు మాట కుదిరింది. ఆ స్థానానికి లీగ్ సూచించిన మొత్తం కన్నా అది బాగా ఎక్కువ. అయితే ఆగస్టు 1న గడువు ముగిసేసరికి ఒప్పందంపై సంతకం పడలేదు. ఆ మూడు వారాల నడుమ జరిగినది వైద్యపరీక్ష. దేశంలోని కళాశాల పిచర్లలో అగ్రశ్రేణిలో నిలిచిన 21 ఏళ్ల యువకుడు ఆ సాయంత్రానికి ఏ జట్టుకూ చెందనివాడయ్యాడు.

తెలుగు పాఠకునికి ఈ పేరులోని మొదటి సగం పరిచితమే. రాకర్ తల్లి లలిత తల్లిదండ్రులు ఆంధ్రప్రదేశ్ నుంచి అమెరికాకు వలస వెళ్లినవారు. ప్రవాస తెలుగువారి గురించిన రచనలలో వైద్యులు, ఇంజనీర్లు, సంస్థల అధిపతులు తరచుగా కనిపిస్తారు. బంతి విసిరి జీవించేవారు కనిపించరు. ఆ కారణం చేతనే రాకర్‌ను గర్వపడవలసిన పేర్ల జాబితాలో చేర్చి ఊరుకోవడం తేలిక. కానీ అతని కథలోని ముఖ్యాంశం అది కాదు. ఒక మనిషి శ్రమశక్తికి సాక్ష్యం అతడు చేసి చూపిన పనా, లేక అతని కండరాల ఛాయాచిత్రమా అన్న ప్రశ్న అక్కడ నిలిచి ఉంది. దానిని అర్థం చేసుకోవాలంటే ముందు పిచర్ పని ఏమిటో తెలియాలి.

2. పిచర్ పని: వంతు, ఆదరువు

క్రికెట్ బౌలర్‌కు, బేస్‌బాల్ పిచర్‌కు పోలిక కొంతవరకే నిలుస్తుంది. బౌలర్ పరుగెత్తుకొని వచ్చి, మోచేయిని 15 డిగ్రీలకు మించి చాచకుండా బంతిని వేస్తాడు. పిచర్‌కు పరుగు లేదు. చిన్న మట్టిదిబ్బ మీద నిలిచి, ఒక్క అడుగు ముందుకు వేసి, 60 అడుగుల 6 అంగుళాల దూరంలోని గమ్యానికి విసరుతాడు. మోచేయి వంపుపై ఏ నిషేధమూ లేదు. పరుగు ఇవ్వని వేగమంతా దేహం నుంచే రావాలి. పంటచేలలో పిట్టలను తోలే వడిసెలను ఊహించుకోవచ్చు. పాదం నేలను నెట్టిన శక్తి తుంటికి, తుంటి నుంచి మొండేనికి, అక్కడి నుంచి భుజానికి, చివరకు వేలికొసలకు పాకుతుంది. ఆ క్షణంలో భుజం లోపలికి తిరిగే వేగం సెకనుకు సుమారు 7000 డిగ్రీలని జీవయాంత్రిక శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. మానవదేహంలో నమోదైన అత్యంత వేగవంతమైన చలనాలలో ఇదొకటి. గంటకు 95 మైళ్ల వేగంతో వచ్చే బంతి బ్యాట్స్‌మన్‌ను చేరడానికి పట్టే కాలం సెకనులో పదింట నాలుగు వంతులు. ఆ వేగానికి మూల్యం భుజమూ మోచేయీ చెల్లిస్తాయి.

కనుకనే పిచర్‌కు విశ్రాంతి తప్పనిసరి. మ్యాచ్‌ను ఆరంభించే స్టార్టర్‌కు మేజర్ లీగ్‌లో సాధారణంగా అయిదు రోజులకు ఒకసారి వంతు వస్తుంది. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో నీటికి వంతు ఉన్నట్లే జట్టులోని అయిదుగురు స్టార్టర్లకూ ఒక క్రమం ఉంటుంది. తన వంతు వచ్చిన రోజున అతడు అయిదారు ఇన్నింగ్స్, దాదాపు 90 బంతులు విసరుతాడు. అతడు అలసినా, ప్రత్యర్థులు అతని బంతులను పసిగట్టినా రిలీఫ్ పిచర్ వస్తాడు. ఒక ఇన్నింగ్స్, కొన్నిసార్లు ఒకరిద్దరు బ్యాట్స్‌మెన్ వరకే అతని పని. మరునాడు మళ్లీ పిలుపు రావచ్చు, వరుసగా మూడో రోజూ రావచ్చు. స్టార్టర్ సేద్యం చేసేవాడైతే, రిలీఫ్ పిచర్ మంటలార్పడానికి పరుగెత్తేవాడు. అమెరికన్లు కూడా అతణ్ణి అగ్నిమాపక దళంతోనే పోల్చారు.

ఈ పాత్రకు గౌరవం ఆలస్యంగా దక్కింది. పందొమ్మిదో శతాబ్దంలో ఆరంభించిన పిచరే ఆటను ముగించడం ఆనవాయితీ. ఆటగాళ్లను స్వేచ్ఛగా మార్చుకొనే నిబంధన 1890 ప్రాంతంలో గానీ స్థిరపడలేదు. తరువాత చాలాకాలం స్టార్టర్లుగా రాణించనివారిని, వయసు మళ్లినవారిని రిలీఫ్‌కు వాడుకున్నారు. చికాగో పత్రికారచయిత జెరోమ్ హోల్ట్జ్‌మన్ ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడిన పిచర్ ఖాతాలో వేయడానికి ‘సేవ్’ అనే కొలమానాన్ని ప్రచారం చేశాడు. 1969లో మేజర్ లీగ్ దానిని అధికారికంగా స్వీకరించింది. లెక్కలోకి వచ్చిన తరువాతే ఆ పనికి విలువ వచ్చిందన్నది గమనింపదగిన విషయం. ప్రధానంగా రిలీఫ్ పిచర్‌గా ఆడిన హోయ్ట్ విల్‌హెల్మ్‌కు 1985లో కీర్తిమందిరంలో చోటు దక్కింది. ఆ పాత్ర నుంచి అక్కడికి చేరిన మొదటివాడు అతడే. 652 సేవ్‌లతో మరియానో రివేరా 2019లో ఒక్క ఓటూ తగ్గకుండా అదే మందిరంలో ప్రవేశించాడు. అంతకుముందు ఏ ఆటగాడికీ, ఏ పాత్రలోనివారికీ, ఆ ఏకగ్రీవం లభించలేదు.

ఒక పిచర్‌ను ఏ పాత్రకు కేటాయించాలన్న నిర్ణయానికి రెండు ప్రమాణాలున్నాయి. మొదటిది బంతుల వైవిధ్యం. స్టార్టర్ ఒకే బ్యాట్స్‌మన్‌ను ఒక మ్యాచ్‌లో రెండు మూడు సార్లు ఎదుర్కొంటాడు. మూడోసారికి బ్యాట్స్‌మన్‌కు బంతి ఆనవాలు తెలిసిపోతుంది. అందుకే స్టార్టర్‌కు కనీసం మూడు రకాల బంతులు కావాలంటారు. రిలీఫ్ పిచర్‌కు రెండు చాలు. రెండోది మన్నిక. భుజం నూరు ఇన్నింగ్స్‌కు పైగా నిలుస్తుందన్న నమ్మకం లేనివారిని రిలీఫ్‌కు మళ్లిస్తారు. వేగవంతమైన నేరుబంతి, చివరి క్షణంలో పక్కకు కోసుకుపోయే స్లైడర్ అనే రెండు ఆయుధాలతో పైకి వచ్చిన రాకర్‌ను ఈ రెండు ప్రమాణాలూ మొదటి నుంచి వెంటాడాయి.

3. భారతదేశం నుంచి వెళ్లిన ఇద్దరు

రాకర్ కన్నా ముందు అమెరికా వృత్తి బేస్‌బాల్‌లో భారతీయ పిచర్లుగా పేరు వినిపించినవారు ఉత్తరప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్. ఇద్దరూ జావెలిన్ విసిరేవారు. బేస్‌బాల్ చూసి ఎరగనివారు. జె.బి. బెర్న్‌స్టైన్ అనే క్రీడాకారుల ప్రతినిధి 2008లో భారతదేశంలో నిర్వహించిన ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ పోటీలో వేగంగా విసిరి ముందు నిలిచారు. కాలిఫోర్నియాలో కొద్ది నెలల శిక్షణ తరువాత ఆ ఏడాది నవంబరులో పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థ వారితో ఒప్పందం చేసుకుంది. ఆ సంస్థ కింది స్థాయి జట్లలో ఇద్దరికీ ఎక్కువగా దొరికింది రిలీఫ్ పిచర్ పనే. 2009 జూలైలో రింకూ ఒక మ్యాచ్‌లో విజయం నమోదు చేసి, అమెరికా వృత్తి బేస్‌బాల్‌లో గెలుపు ఖాతా తెరచిన తొలి భారతీయుడయ్యాడు. దినేశ్ రెండేళ్లకే స్వదేశానికి తిరిగివచ్చాడు. రింకూ మరికొంత కాలం నిలిచినా మోచేతి శస్త్రచికిత్స, వరుస గాయాలు అతని ఆటను ముగించాయి. తరువాత అతడు కుస్తీ వినోదరంగానికి మళ్లాడు.

వీరి మీద 2014లో డిస్నీ సంస్థ సినిమా తీసింది. ఎంపికైన క్షణం దగ్గర సంబరంగా ముగిసే కథ సినిమాకు సరిపోయింది. శస్త్రచికిత్స గదికి అందులో చోటు లేదు. రాకర్ నేపథ్యం వీరికి పూర్తిగా భిన్నం. అతడు ఆ ఆట వాతావరణంలోనే పుట్టి పెరిగాడు. అయినా మోచేయి దగ్గర మాత్రం రింకూ దారీ అతని దారీ కలిశాయి.

4. కుటుంబం, బాల్యం

రాకర్ 1999 నవంబరు 22న అలబామా రాష్ట్రంలోని మాంట్‌గమరీలో జన్మించాడు. తండ్రి ట్రేసీ రాకర్ ఆఫ్రికన్ అమెరికన్; ఆబర్న్ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టు రక్షణశ్రేణిలో మేటి. 1988లో ఆయన ఔట్‌లాండ్, లొంబార్డీ అనే రెండు ప్రతిష్ఠాత్మక పురస్కారాలనూ గెలిచారు. వృత్తి ఫుట్‌బాల్ ఆడిన తరువాత శిక్షకుడిగా అనేక విశ్వవిద్యాలయాలలోనూ వృత్తి జట్లలోనూ పనిచేశారు. శిక్షకుల కుటుంబాలకు స్థిరనివాసం అరుదు. కొలువు ఎక్కడికి మారితే ఇల్లు అక్కడికి మారుతుంది. కుమార్ జార్జియా రాష్ట్రంలోని నార్త్ ఒకోనీ ఉన్నత పాఠశాలలో చదివాడు.

తండ్రి నుంచి భారీ దేహం వచ్చింది: ఆరడుగుల అయిదంగుళాల ఎత్తు, అందుకు తగిన బరువు. అటువంటి దేహానికి ఫుట్‌బాల్ సహజమైన దారిగా కనిపిస్తుంది. అతడు బేస్‌బాల్‌ను ఎంచుకున్నాడు. పేరు మాత్రం అమ్మమ్మ, తాతయ్యల నేలను గుర్తుచేస్తుంది. తెలుగు ఇళ్లలో పేరు చివర తోకగా వచ్చే ‘కుమార్’ అక్కడ తలకట్టుగా మారి, దక్షిణ అమెరికా రాష్ట్రాల మైదానాలలో వేలమంది గొంతుల్లో పలికింది. ఈ సంకర వారసత్వాన్ని తెలుగుతనంగా మాత్రమే చదవడం తండ్రి వైపు చరిత్రను చెరిపివేయడమే అవుతుంది. ప్రవాస అధ్యయనాలు మూడో తరం గురించి మాట్లాడేటప్పుడు ఈ జాగ్రత్త అవసరం.

2018లో ఉన్నత పాఠశాల ముగించేనాటికే అతడు దేశంలోని ప్రసిద్ధ యువ పిచర్లలో ఒకడు. అయినా కొలరాడో రాకీస్ జట్టు అతణ్ణి 38వ విడతలో గానీ ఎంచుకోలేదు. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి వెళ్లడానికి అతడు నిశ్చయించుకోవడమే కారణం. రాకీస్‌తో సంతకం చేయకుండా నాష్‌విల్‌కు వెళ్లాడు.

5. వాండర్‌బిల్ట్: వేతనం లేని ఇన్నింగ్స్

2019 జూన్ 8 నాటి మ్యాచ్ లేకుండా రాకర్ గురించి మాట్లాడడం కుదరదు. కళాశాలల జాతీయ పోటీలో సూపర్ రీజనల్ దశ. ప్రత్యర్థి డ్యూక్ విశ్వవిద్యాలయం. తొలి మ్యాచ్‌లో వాండర్‌బిల్ట్ ఘోరంగా ఓడింది. ఇంకొకటి ఓడితే ఇంటికే. ఆ రాత్రి బంతి అప్పగించింది మొదటి సంవత్సరం విద్యార్థికి. రాకర్ తొమ్మిది ఇన్నింగ్స్ ఒంటరిగా విసిరాడు. ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. 27 ఔట్లలో 19 స్ట్రైకౌట్లు, అనగా బ్యాట్స్‌మన్ బంతిని ఆటలో పెట్టలేక వెనుదిరిగినవి. బంతులు 131, ఫలితం 3-0. సూపర్ రీజనల్ దశ చరిత్రలో హిట్ లేని మ్యాచ్ అంతకు ముందు లేదు.

131 అన్న అంకె దగ్గర ఆగాలి. వృత్తి బేస్‌బాల్‌లో నూరు బంతులు దాటితే శిక్షకులు కంగారుపడతారు. 19 ఏళ్ల భుజం చేత అన్ని బంతులు విసిరించడం సమంజసమా అన్న ప్రశ్న సహజం. అయితే హిట్ లేని మ్యాచ్ నడుస్తుండగా పిచర్‌ను దించడం దాదాపు అపచారం. పైగా ఓడితే సీజన్ ముగుస్తుంది. ఆనాడు రిలీఫ్ పిచర్ అవసరం రాకపోవడమే ఘనతగా చెప్పుకున్నారు. ఆ ఘనతకు అయిన ఖర్చు ఎవరి ఖాతాలో పడింది అన్నది తరువాతి సంవత్సరాల కథ. ఒక్క మ్యాచ్‌కు గాయాన్ని ముడిపెట్టడానికి వైద్యపరంగా ఆధారం లేదు. ముడిపెట్టలేకపోవడం వల్లనే బాధ్యత ఎవరిదీ కాకుండా పోతుంది.

అదే నెలలో ఒమాహాలో జరిగిన కాలేజ్ వరల్డ్ సిరీస్ ఫైనల్‌లో వాండర్‌బిల్ట్ మిషిగన్‌పై గెలిచింది. రాకర్ సిరీస్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. 2020 సీజన్‌ను కోవిడ్ మార్చిలోనే ఆపివేసింది. 2021లో రాకర్, జాక్ లైటర్ అనే ఇద్దరు స్టార్టర్లతో వాండర్‌బిల్ట్ మళ్లీ ఫైనల్‌కు చేరింది. ఆ ఏడాది ఇద్దరూ చెరి 179 స్ట్రైకౌట్లు సాధించడం విచిత్రమైన సమానత. రాకర్ 122 ఇన్నింగ్స్ విసిరి 14 మ్యాచ్‌లు గెలిచాడు, సగటు 2.73. తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ తన బాధ్యతగా ఇచ్చిన పరుగుల సంఖ్యనే సగటు అంటారు. అది ఎంత తక్కువైతే అంత మేలు. సీజన్ నడుమ కొన్ని వారాలు అతని బంతి వేగం తగ్గిందని ఎంపికదారులు గమనించారు. తరువాత వేగం తిరిగి వచ్చినా ఆ గమనిక దస్త్రంలో నిలిచిపోయింది.

మిసిసిపీ స్టేట్ విశ్వవిద్యాలయంతో నిర్ణయాత్మక ఫైనల్ జూన్ 30న జరిగింది. రాకర్ ఆరంభించాడు, అయిదో ఇన్నింగ్స్ పూర్తికాకుండానే దిగిపోయాడు, జట్టు 9-0తో ఓడింది. మరునాడు, జూలై 1న, కళాశాల క్రీడాకారులు తమ పేరు, రూపం మీద ఆదాయం పొందవచ్చన్న నిబంధన దేశమంతటా అమలులోకి వచ్చింది. అతడు కళాశాల జట్టుకు విసిరిన ప్రతి బంతీ ఆ తేదీకి ముందరిదే. టెలివిజన్ ప్రసారాలకు అతని ముఖం ఆకర్షణగా నిలిచిన మూడు సీజన్లలో అతనికి దక్కినది చదువుకు సంబంధించిన సహాయమే. భుజం విలువ మొదటిసారి నగదుగా మారవలసినది ఆ జూలైలో. సరిగ్గా అక్కడే వైద్యచిత్రం అడ్డుపడింది.

6. 2021: ఛాయాచిత్రం చెప్పిన తీర్పు

ఇక్కడ ఎంపిక పద్ధతిని వివరించాలి. ఐపీఎల్ వేలంలో ఆటగాడి కోసం పలు జట్లు పోటీపడి ధర పెంచుతాయి. అమెరికా డ్రాఫ్ట్‌లో అలా జరగదు. జట్లు ఒక క్రమంలో ఒక్కొక్కరిని ఎంచుకుంటాయి. ఎంపికైన ఆటగాడు ఆ జట్టుతో మాత్రమే బేరమాడాలి. కుదరకపోతే ఆ ఏడాదికి మేజర్ లీగ్ తలుపు మూసినట్లే.

ఎంపికకు ముందే ఎమ్మారై చిత్రాలను లీగ్‌కు సమర్పించే స్వచ్ఛంద కార్యక్రమం ఒకటుంది. అందులో పాల్గొన్న ఆటగాడికి, తరువాతి వైద్యపరీక్షలో ఏమి తేలినా, నిర్ణీత మొత్తంలో కనీసం 40 శాతాన్ని జట్టు ఇవ్వజూపాలని అప్పటి నిబంధన. రాకర్ ఆ కార్యక్రమంలో పాల్గొనలేదు. కనుక మెట్స్‌కు ఆ బాధ్యత లేకపోయింది. చేతి పరిస్థితిపై సందేహంతో ఆ సంస్థ ఒప్పందాన్ని ఇవ్వజూపలేదు. రాకర్ ప్రతినిధి స్కాట్ బోరస్ మాత్రం స్వతంత్ర వైద్యుల అభిప్రాయం ప్రకారం అతడు ఆరోగ్యంగా ఉన్నాడని ప్రకటించాడు. నిబంధనల ప్రకారం మెట్స్‌కు మరుసటి ఏడాది 11వ ఎంపిక పరిహారంగా దక్కింది. ఆటగాడికి అటువంటి పరిహారం ఏదీ లేదు. ఈ అసమానత నిబంధనలోనే ఉంది. దానిని ఏ ఒక్క జట్టు దుర్బుద్ధిగానో చూడడం సరికాదు.

వైద్యచిత్రం చూపినది అబద్ధమని ఎవరూ అనలేరు. కానీ అది దేనికి సాక్ష్యం? అమెరికాలో క్రీడావైద్యానికి పేరెన్నిక గన్న శస్త్రవైద్యుడు జేమ్స్ ఆండ్రూస్ ఒకసారి ఏ నొప్పీ లేని 31 మంది వృత్తి పిచర్ల భుజాలకు ఎమ్మారై తీయించారు. దాదాపు 90 శాతం మందిలో మృదులాస్థి అసాధారణంగా కనిపించింది. 87 శాతం మందిలో భుజకండరాల స్నాయువులు అసాధారణంగా ఉన్నాయి. పిచర్ భుజానికి శస్త్రచికిత్స చేయడానికి సాకు కావాలంటే ఎమ్మారై తీస్తే చాలునన్నది ఆయన అభిప్రాయ సారాంశం. అంటే ఆ వృత్తిలో సాధారణ మనుషుల కొలమానం పనికిరాదు. దున్నిన ఎద్దు మెడమీద కాయ ఉండడం రోగలక్షణం కాదు, పని చేసిన గుర్తు. అయితే ఏ కాయ పుండుగా మారుతుందో చిత్రం ముందుగా చెప్పలేదు. కోట్ల రూపాయల నిర్ణయం మాత్రం ఆ చిత్రాన్ని చూసే జరుగుతుంది.

7. ఇరవై ఇన్నింగ్స్‌లో తిరుగుబాట

2021 సెప్టెంబరులో రాకర్ భుజానికి చిన్న శస్త్రచికిత్స జరిగింది. ఆ సంగతి మరుసటి ఏడాది గానీ బయటికి రాలేదు. కళాశాలకు తిరిగి వెళ్లలేదు. 2022లో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణానికి చెందిన ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ జట్టులో చేరాడు. అది ఫ్రాంటియర్ లీగ్. మేజర్ లీగ్ సంస్థలతో సంబంధం లేని స్వతంత్ర లీగ్. పెద్ద జట్లు వదిలేసినవారు, మరో అవకాశం కోసం చూస్తున్నవారు అక్కడ ఆడతారు. రాకర్ అక్కడ 5 మ్యాచ్‌లలో 20 ఇన్నింగ్స్ విసిరాడు. 32 స్ట్రైకౌట్లు, సగటు 1.35.

జూలై 17న టెక్సాస్ రేంజర్స్ అతణ్ణి ఏకంగా మూడో స్థానంలో ఎంచుకుంది. పదో స్థానంలో ఎంపికై తిరస్కృతుడైనవాడు ఏడాది గడిచేసరికి ఏడు మెట్లు పైకి రావడం అనేకులను ఆశ్చర్యపరచింది. అయితే ఒప్పందం 52 లక్షల డాలర్లు. ఆ స్థానానికి లీగ్ సూచించిన మొత్తం 75 లక్షలకు పైమాటే. ఎంపిక స్థానం ప్రతిభకు కొలతగా కనిపించినా, తగ్గిన మొత్తం భుజం మీది సందేహానికి కొలతగా నిలిచింది. రెండు సాక్ష్యాలూ ఒకే కాగితం మీదికి వచ్చాయి.

ఆ నిర్ణయం తీసుకున్న జనరల్ మేనేజర్ క్రిస్ యంగ్ స్వయంగా పిచర్. భుజానికి శస్త్రచికిత్స చేయించుకొని తిరిగి ఆడినవారు. 2015 వరల్డ్ సిరీస్ తొలి మ్యాచ్ 14 ఇన్నింగ్స్ వరకు సాగినప్పుడు కాన్సాస్ సిటీ తరఫున రిలీఫ్‌గా వచ్చి చివరి మూడు ఇన్నింగ్స్ విసిరి గెలిపించింది ఆయనే. ఛాయాచిత్రాన్ని చదవడంలో వైద్యునికి ఉండే నిపుణత ఒకటి, బంతి విసిరిన చేతికి ఉండే నిపుణత మరొకటి. యంగ్ రెండోదానిని నమ్మారని చెప్పవచ్చు. ఏడాది ముందే రేంజర్స్ రెండో స్థానంలో లైటర్‌ను ఎంచుకొని ఉండడంతో వాండర్‌బిల్ట్ జంట మళ్లీ ఒక గూటికి చేరింది.

8. మోచేయి

2023 వసంతంలో రాకర్ హికరీ క్రాడాడ్స్ అనే కింది స్థాయి జట్టుకు 6 మ్యాచ్‌లు ఆడాడు. మే నెలలో మోచేతి లిగమెంటు తెగింది. అందరూ అనుమానించిన భుజం నిలిచి, మోచేయి పోయింది.

దానికి చేసే శస్త్రచికిత్సకు ఒక పిచర్ పేరే స్థిరపడింది. 1974 సెప్టెంబరు 25న లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ వైద్యుడు ఫ్రాంక్ జోబ్, టామీ జాన్ అనే ఎడమచేతి పిచర్ కుడి ముంజేతి నుంచి స్నాయువును తీసి, దెబ్బతిన్న ఎడమ మోచేతి ఎముకలకు రంధ్రాలు చేసి కట్టారు. ఆట తిరిగి వచ్చే అవకాశం నూటికి ఒకటి అనుకున్నారు. జాన్ 1976లో తిరిగి వచ్చి 1989 వరకు ఆడాడు. అతని 288 విజయాలలో 164 ఆ శస్త్రచికిత్స తరువాతివి. నాడు అద్భుతమైనది నేడు పిచర్ జీవితంలో మామూలు ఘట్టంగా మారింది. కోలుకోవడానికి ఏడాది, కొందరికి ఏడాదిన్నర పడుతుంది. కొత్త స్నాయువు లిగమెంటులా పనిచేయడం నేర్చుకోవాలి. పిచర్ పది అడుగుల నుంచి మొదలుపెట్టి మళ్లీ దూరం పెంచుకుంటూ విసరడం నేర్చుకోవాలి.

2021లో మెట్స్ వెనక్కి తగ్గడం సరైనదేనని 2023 నిరూపించిందన్న వాదన ఈ సందర్భంలో వినిపించింది. ఈ వాదనలో తర్కలోపముంది. ఎమ్మారై చూపిన లోపమూ తెగిన లిగమెంటూ ఒకటేనని బహిరంగంగా ఎవరూ స్థాపించలేదు. పైగా ఏ వైద్యచిత్రమూ అనుమానించని పిచర్లు ఎందరో ఇదే శస్త్రచికిత్సకు లోనవుతున్నారు. గాయం రావడం ఈ వృత్తిలో సూచన ఫలించడం కాదు. సంభావ్యత నిజం కావడం మాత్రమే.

9. టెక్సాస్

2024 వేసవిలో రాకర్ తిరిగి వచ్చాడు. ఫ్రిస్కో, రౌండ్ రాక్ జట్లలో కొద్ది మ్యాచ్‌లు ఆడిన వెంటనే రేంజర్స్ పిలిచింది. 2024 సెప్టెంబరు 12న సియాటిల్ మెరీనర్స్‌పై మేజర్ లీగ్‌లో తొలి మ్యాచ్ ఆరంభించాడు. 4 ఇన్నింగ్స్ విసిరి ఒక్క పరుగు ఇచ్చాడు; 7 స్ట్రైకౌట్లు సాధించాడు. తరువాతి ఇన్నింగ్స్‌ను రిలీఫ్ పిచర్లు చూసుకున్నారు. డ్యూక్‌పై 131 బంతులు విసిరిన అతణ్ణి వృత్తి జట్టు నాలుగు ఇన్నింగ్స్‌తోనే ఆపి, భుజాన్ని మరో వంతుకు దాచింది. కళాశాల జట్టుకూ వృత్తి జట్టుకూ ఉన్న భేదం ఈ రెండు మ్యాచ్‌లను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. వృత్తి జట్టు ఆ భుజం మీద పెట్టుబడి పెట్టింది. కళాశాలకు కావలసింది ఆ రాత్రి గెలుపు.

2025ను అతడు రేంజర్స్ స్టార్టర్లలో ఒకడిగా ఆరంభించాడు. ఏప్రిల్‌లో ఏంజెల్స్ జట్టుపై మేజర్ లీగ్‌లో తొలి విజయం దక్కింది. ఆ నెలాఖరుకు భుజం నొప్పితో గాయపడినవారి జాబితాలో చేరాడు. జూన్‌లో తిరిగి వచ్చాడు, నిలకడ రాలేదు, ఆగస్టులో జట్టు అతణ్ణి మళ్లీ రౌండ్ రాక్‌కు పంపింది. ఆ ఏడాది 14 మ్యాచ్‌లు ఆరంభించి 4 గెలిచాడు, 5 ఓడాడు, సగటు 5.74. స్టార్టర్‌కు ఇది గర్వించదగిన అంకె కాదు.

ఇటువంటి స్థితిలో పిచర్‌ను రిలీఫ్‌కు మార్చడం జట్లకు అలవాటైన దారి. రాకర్ నేరుబంతి, స్లైడర్ ఒక్క ఇన్నింగ్స్‌కు చాలినంత పదునైనవని, అంతకు మించి ఇతర బంతులు నిలవడం లేదని భావించేవారు అదే మేలంటారు. నూరు బంతుల భారం కన్నా పదిహేను బంతుల భారం ఆ భుజానికి తేలిక అన్నది వారి మరో వాదన. ఇది పూర్తిగా నిజం కాదు. రిలీఫ్ పిచర్ తక్కువ విసరుతాడు గానీ ప్రతి బంతీ పూర్తి బలంతో విసరుతాడు. ఏ రోజు పిలుస్తారో తెలియక రోజూ చేతిని వేడెక్కించుకుంటాడు. విసరకుండానే ముగిసిన రోజుల శ్రమ ఏ గణాంకంలోనూ నమోదు కాదు. మరోవైపు పాత్రల నడుమ గీత కూడా చెరుగుతోంది. 2018 మే 19న టాంపా బే జట్టు రిలీఫ్ పిచర్ సెర్జియో రోమో చేత మ్యాచ్ ఆరంభింపజేసి, ఒక్క ఇన్నింగ్స్ తరువాత దీర్ఘకాలం విసరగల పిచర్‌ను దించింది. ‘ఓపెనర్’ అన్న ఆ పద్ధతి తరువాత పలు జట్లకు పాకింది. స్టార్టర్ అంటే మేలిరకం, రిలీఫ్ అంటే రెండో రకం అన్న పాత తరతమ భావం దానితో కొంత సడలింది. జీతాలలో మాత్రం అది ఇంకా సడలలేదు. ఉత్తమ స్టార్టర్ల ఒప్పందాలకూ ఉత్తమ రిలీఫ్ పిచర్ల ఒప్పందాలకూ నేటికీ పెద్ద అంతరమే ఉంది. కనుక పాత్ర మారడమంటే మైదానంలో స్థానం మారడమే కాక ధరను మళ్లీ నిర్ణయించడం కూడా.

మేజర్ లీగ్‌లో ఈ రెండు సీజన్లలో రాకర్ అడుగుపెట్టిన ప్రతి మ్యాచ్‌నూ స్టార్టర్‌గానే ఆరంభించాడు. వెనుక గదిలో కూర్చొని పిలుపు కోసం ఎదురుచూడవలసిన అవసరం 2025 ముగిసేవరకు అతనికి రాలేదు.